రెండు గొట్టాలు, రెండు నిమ్మచెక్కలు

మా ఊరి తెలుగువాళ్ళు నన్ను తుపాకీ అంకుల్ అంటారు. అమెరికాలో మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఏ బర్త్‌డే పార్టీకి వెళ్ళినా, కేక్ కట్ చేసేలోపు ఎవరో ఒక పిల్లవాడు నా చొక్కా పట్టుకుని "అంకుల్, మీరు ఎవర్నైనా షూట్ చేశారా?" అని అడిగి తీరతాడు. లేదు నాయనా. నేను ఇంతవరకూ ఒక్క తూటా పేల్చిన పాపాన పోలేదు. మాంసం తినను. టీవీలో తుపాకీ పేలితే ఛానెల్ మారుస్తాను. అయినా నా రెండో ఉద్యోగం మాత్రం పాత అమెరికన్ డబుల్ బ్యారెల్ షాట్‌గన్‌లు పరీక్ష చేసి, ఇది ఏ కాలంది, ఎవరు చేశారు, ఎందుకు ఇలా చేశారు అని చెప్పడం.

మొన్న నేనిక మానేస్తానంటే మా మ్యూజియం డైరెక్టర్ డయాన్ "నీ తరవాత వచ్చేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు రాసిపెట్టు రావ్" అంది. ఆవిడ కోసం ఇంగ్లీషులో రాసిచ్చాను. అందులో గొట్టాల కొలతలూ నూనెల పేర్లూ తప్ప ఏమీ లేవు. అసలు సంగతులు ఇక్కడ రాస్తున్నాను. "ఈ పనిలోకి తెలుగు పిల్లలు ఎవరొస్తారండీ?" అని మా ఆవిడ సుగుణ నవ్వుతోంది. వస్తే వస్తారు. సాఫ్ట్‌వేర్‌లో లేఆఫ్‌లు ఎలా ఉన్నాయో చూస్తూనే ఉన్నాం కదా.

తలుపుల మనిషి

నేను మెకానికల్ ఇంజనీర్ని. ఇక్కడ ఒక కార్ల కంపెనీలో చేరి, రిటైరయ్యేదాకా చేసింది ఒకటే పని. కారు తలుపు చప్పుడు. నమ్మబుద్ధి కావడం లేదు కదూ? మా అత్తగారు కూడా చివరిదాకా నమ్మలేదు.

షోరూంకి వచ్చినవాడు ఇంజన్ చూడడు, బ్రేకులు చూడడు. తలుపు తీసి వేస్తాడు. ధబ్ మంటే గట్టి బండి. టంగుమంటే డొక్కు బండి. అంతే వాడి పరీక్ష. మా కంపెనీవాళ్ళేమో ఏటేటా బరువు తగ్గించాలని రేకు పల్చన చేస్తూ పోయేవారు. రేకు పల్చబడాలి, చప్పుడు మాత్రం బరువుగా ఉండాలి. గొళ్ళెం దగ్గర రబ్బరు ముక్క, రేకు వెనక తారు అట్ట, అంచు సీలుకి కాస్త వంపు, ఇలా ఏవేవో చేసి బక్క తలుపుకి లావుపాటి గొంతు పెట్టేవాణ్ణి. మా పక్క క్యూబికల్‌లో ఇంకో పెద్దమనిషి ప్లాస్టిక్ డాష్‌బోర్డు మీద టేకు చారలు అచ్చు వేయించేవాడు. రోజూ ఇద్దరం కలిసే లంచ్ చేసేవాళ్ళం. ఇదంతా మోసమా కాదా అన్న మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని డిష్‌వాషర్ తలుపు చప్పుడు సరిచేస్తుంటే సుగుణ తల ప్రాణం తోకకొచ్చింది. గంట దూరంలో ఉన్న ఒక చిన్న మ్యూజియం వాళ్ళ ప్రకటన తనే తెచ్చి నా మొహాన పెట్టింది. పాత గొళ్ళేలూ కీళ్ళూ బాగా తెలిసిన ఇంజనీర్ కావాలట. ఏ గొళ్ళేలో అందులో రాయలేదు. నేను బీరువాలనుకున్నాను.

ఇంటర్వ్యూలో డయాన్ నా ముందు ఒక తుపాకీ పెట్టింది. నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.

"ఎప్పుడైనా పేల్చారా?"

"లేదండి."

"వేట?"

"లేదు. నేను వెజిటేరియన్."

ఆవిడ తుపాకీని నా వైపు జరిపింది. "చాలా మంచిది. ఇంతకుముందున్నతను మధ్యాహ్నం పూట బాతుల మీద ట్రై చేసేవాడు" అంది. ఉద్యోగం ఇచ్చేసింది.

ఇందులో చూడాల్సింది ఏమిటంటే

డబుల్ బ్యారెల్ అంటే రెండు గొట్టాలు అనుకుంటారు అందరూ. కాదు. అది ఒక తలుపు. గొట్టాలు కీలు మీద కిందికి వాలతాయి, వెనక తూటాలు పెడతాం, మళ్ళీ పైకి లేపి మూస్తాం. మూసినప్పుడు గొళ్ళెం పడాలి. లోపల మందు పేలుతుంది కాబట్టి ఆ గొళ్ళెం ఊడిందా, పక్కనున్నది బాతు కాదు, మన మొహం. అమెరికాలో మొదటి తరం మేస్త్రీలు తలలు బద్దలుకొట్టుకున్నదంతా ఈ గొళ్ళెం గురించే. ఒకాయన గొళ్ళెం తీసే మీట కింద పెట్టాడు. ఒకాయన ట్రిగ్గర్ ముందు పెట్టి వేలితో నొక్కమన్నాడు. ఇంకో మహానుభావుడు ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీనే మీట చేసేశాడు. చివరికి అందరూ తిరిగి తిరిగి బొటనవేలికి అందేలా పైన పెట్టే మీట దగ్గరికి వచ్చి ఆగారు. బయట కొమ్ముల్లా ఉండే సుత్తులు కూడా అలాగే మెల్లగా లోపలికి వెళ్ళిపోయాయి.

కొత్తగా వచ్చేవాళ్ళు ముందు మీట చూడండి. కొన్ని మంచి వాటిలో గొట్టాలని పట్టి ఉంచే బోల్టు ఏటవాలుగా చెక్కారు. అరిగేకొద్దీ ఇంకాస్త లోపలికి దిగి బిగుస్తుంది. అందుకే కొత్త తుపాకీకి మీట కుడివైపు ఆగుతుంది, వాడగా వాడగా మధ్యకి వస్తుంది. తను అరుగుతానని ముందే తెలిసి చేసిన వస్తువు అది. అంత బుద్ధి మా కంపెనీలో నేనెవరిలోనూ చూడలేదు, నాతో సహా.

తరవాత గొట్టాలు విడదీసి, తాడుకి వేలాడదీసి, చెక్కతో ఒకసారి తట్టండి. రెండు గొట్టాలనీ కలిపిన అతుకు గట్టిగా ఉంటే గుడిగంటలా మోగుతుంది. ఊడుతుంటే జుయ్యిమంటుంది. మొదట్లో ఈ పని మా గరాజ్‌లో చేసేవాణ్ణి. ఒక శనివారం పొద్దున్న మా పక్కింటి సాఫ్ట్‌వేర్ కుర్రాడు స్నానం చేసి బొట్టు పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "హారతి అయిపోయిందా అంకుల్?" అని అడిగాడు. సుగుణ పాపం అప్పటికప్పుడు రవ్వకేసరి చేసి పెట్టింది. ఆ పైవారం కూడా వచ్చాడు.

ఇక గొట్టం పైన కనిపించే అల్లిక. ఇనుమూ ఉక్కూ సన్నటి పట్టీలుగా కలిపి, మెలిపెట్టి, ఎర్రగా కాల్చి, కడ్డీ చుట్టూ చుట్టి అతికేవారు. పైన జంతికల చుట్టల్లాంటి గీతలు తేలతాయి. దాన్ని డమాస్కస్ గొట్టం అంటారు. చూడ్డానికి కళ్ళు చెదిరే అందం. అతుకులెక్కువ కాబట్టి బలం అంతంతమాత్రం. తరవాత ఏ గీతా లేని నున్నటి ఉక్కు గొట్టం వచ్చింది. అది ఎంతో గట్టిది. కానీ కొనేవాళ్ళు "ఇదేంటి, నీళ్ళ పైపులా ఉంది" అని మొహం తిప్పుకున్నారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

వాల్టర్ ముత్తాత

వాల్టర్ స్కూల్ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఎనభై దాటాయి. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. ఒకరోజు దుప్పట్లో చుట్టిన, గొట్టాల మీద జంతికల అల్లిక ఉన్న తుపాకీ తెచ్చి మా బల్ల మీద పెట్టి, "దీని మీటా బోల్టూ కనిపెట్టింది మా ముత్తాత ఎమిల్. ఆయన పనిచేసిన తుపాకీల కంపెనీ వాడు కొట్టేసి తన పేరు వేసుకున్నాడు" అన్నాడు.

వాళ్ళింట్లో ఏటా థాంక్స్‌గివింగ్ నాడు ఈ కథ చెప్పుకునేవారట. చెప్పుకునేవాళ్ళందరూ పోయి ఇప్పుడు ఈయన ఒక్కడే మిగిలాడు. "నాతో ఆ పేరు కూడా పోతుంది ప్రొఫెసర్. మీ అద్దాల పెట్టెలో ఒక చిన్న కార్డు మీద ఎమిల్ అని ఉంటే చాలు. నాకింకేమీ వద్దు" అన్నాడు. నేను ప్రొఫెసర్ని కాదని మూడుసార్లు చెప్పి ఊరుకున్నాను.

డయాన్ ఎగిరి గంతేసింది. కొత్త హాలు తెరవబోతున్నాం, అందులో ఈ చుట్టుపక్కల వాళ్ళది ఒక్క కథా లేదు. "రావ్, కార్డు రాసెయ్!" అంది.

నేను గొళ్ళెం విప్పి చూసిన మొదటిరోజే నాకు తెలిసిపోయింది. అది ఎమిల్ కనిపెట్టింది కాదు. అలాంటి బోల్టు అప్పటికే ఊరూరా చౌక తుపాకీలన్నిటిలో ఉంది. ఆ మాట వాల్టర్‌కి చెప్పాలి. చెబుదామంటే ఆయనేమో ప్రతి మంగళవారం డోనట్ల డబ్బా పట్టుకుని వస్తాడు. "ఏమైనా తేలిందా?" అని అడుగుతాడు. "ఇంకా చూస్తున్నాను" అనేవాణ్ణి. ఈ వృత్తిలో ఇనుముతో కష్టం లేదు, డోనట్లు తెచ్చే మనుషులతోనే కష్టం.

ఆయుధ పూజ

ఈలోగా డయాన్ ఇంటర్నెట్‌లో ఏదో చూసింది.

"రావ్! మీవాళ్ళు ఆయుధాలకి పూజ చేస్తారట కదా? నాకెందుకు చెప్పలేదు?"

"మేం చేసేది కార్లకీ లాప్‌టాప్‌లకీ."

"మన దగ్గర నిజం ఆయుధాలే ఉన్నాయిగా!"

ఆదివారాలు మా మ్యూజియంలో చూసేవాళ్ళకంటే కాపలావాళ్ళే ఎక్కువ ఉండేవారు. ఆవిడ బాధ ఆవిడది. నేను ఒకటే షరతు పెట్టాను. మ్యూజియం వస్తువు ఒక్కటీ పూజ బల్ల మీదికి రాకూడదు. సరే సరే అంది.

దసరా ఆదివారం నాటికి మా అసోసియేషన్ వాట్సాప్ గ్రూపు మొత్తం పట్టుచీరలూ కుర్తాలతో దిగిపోయింది. బల్ల మీద లాప్‌టాప్‌లు, కారు తాళాలు, ఎవరిదో ఇన్‌స్టంట్ పాట్, ఒక డాక్టరమ్మ స్టెతస్కోప్. వాటి మధ్యలో దర్జాగా వాల్టర్ తుపాకీ! నేను లబోదిబోమన్నాను. "అది ఇంకా మన లెక్కలో చేరలేదు. కాబట్టి మ్యూజియం వస్తువు కాదు" అంది డయాన్. వాల్టర్ పక్కనే సూటు వేసుకుని నిలబడి, "మా ముత్తాతకి దీవెన అంటే నేనెందుకు కాదంటాను?" అన్నాడు. ఆయన నుదుటికి అప్పటికే ఎవరో బొట్టు పెట్టేశారు.

మా పంతులుగారు వారంలో అయిదు రోజులు సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఏ వస్తువునీ వదలడు. "ద్విముఖ నాళికాయుధాయ నమః" అని అప్పటికప్పుడు అల్లేసి అక్షతలు వేశాడు. అంతలో కర్పూరం వెలిగించాలి అన్నాడు. సెక్యూరిటీ అతను పరుగెత్తుకొచ్చి, పొగ వస్తే పైనుంచి నీళ్ళు పడతాయి అన్నాడు. ఇక నా ఖర్మ, పూజ అయ్యేదాకా స్టూలెక్కి స్మోక్ డిటెక్టర్ కింద పేపర్ ప్లేటుతో విసురుతూ నిలబడ్డాను. అందుకే కింద ఏం జరుగుతోందో నేను చూడలేదు.

కింద సుగుణ, ఇంట్లో కారుకి చేసినట్టే, నిమ్మకాయ కోసి, చెక్కలకి కుంకుమ అద్ది, రెండు గొట్టాల మీదా చెరొకటి బోర్లించింది. తప్పు తనది కాదు. వస్తువు బల్ల మీదికి వచ్చాక దిష్టి తియ్యకుండా ఎవరూరుకుంటారు?

తరవాత పులిహోర. ఫోటోలు. మళ్ళీ పులిహోర. వాల్టర్ మిరపకాయ నమిలి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఇంకా పెట్టమన్నాడు. ఆ నిమ్మచెక్కలు మాత్రం కదలకుండా అక్కడే కూర్చున్నాయి.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి" అంది సుగుణ. ఆ గొంతు విని నాకు అర్థమైపోయింది, ఇది పులిహోర విషయం కాదని.

చెక్కలు తీసిన చోట రెండు గొట్టాల మీదా డాలరు బిళ్ళంత మచ్చ. నేను భూతద్దం పెట్టి వంగి చూశాను. నిజమైన డమాస్కస్ మీద పులుపు పడితే రంగు పోయినా లోపలి గీతలు ఇంకా తేటగా లేస్తాయి. ఇక్కడ గీతలే లేవు. నున్నటి బోసి ఉక్కు. ఇన్నాళ్ళూ నేను గొళ్ళెం తప్ప గొట్టం వంక సరిగ్గా చూడనే లేదు. ఆ అందమైన అల్లికంతా పైపూత.

"ఆ పెద్దాయన ముత్తాతని నిమ్మకాయ పెట్టి చెరిపేశానండీ" అని సుగుణ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వాల్టర్ మా వెనకే నిలబడి ఉన్నాడు. ఇక దాచడానికి ఏముంది? అన్నీ ఒకేసారి చెప్పేశాను. బోల్టు ఎమిల్ కనిపెట్టింది కాదని, అల్లిక నిజం కాదని, ఆ కార్డు నేను రాయలేనని.

వాల్టర్ ముందుకొచ్చాడు. నా చేతిలోని భూతద్దం తీసుకున్నాడు. మచ్చ అంచున, ఇంకా చెరిగిపోని గీతల మీద వంగి చాలాసేపు చూశాడు. అద్దం నా చేతిలో పెట్టి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

వంటింటి తలుపు

మర్నాడు పొద్దున్నే వాల్టర్ పికప్ ట్రక్కు మా మ్యూజియం వాకిట్లో ఆగింది. వెనక ఒక తలుపు ఉంది. తలుపంటే అచ్చంగా ఇంటి తలుపు, పిడితో సహా.

"ఇది మా ఎమిల్ ఇంటి వంటింటి తలుపు, ఆయనే రంగు వేసుకున్నాడు. ఇల్లు పడగొట్టినప్పుడు తెచ్చి గరాజ్‌లో పని బల్లగా వాడుకుంటున్నాను. కింది వైపు చూడు ప్రొఫెసర్."

ఇద్దరం మోసుకొచ్చి లోపల పడుకోబెట్టాం. చవకబారు పైన్ చెక్క. దాని మీద ఓక్ చెక్కలా కనబడేట్టు గీతలు. తడి రంగు మీద దువ్వెనలాంటి పరికరం లాగి గీసే పని అది. ఆ రోజుల్లో ఇళ్ళకి అలా చేసేవారు. అందులో మాటిమాటికీ ఒక గీత మాయమై ఖాళీ వస్తోంది. దువ్వెనకి ఒక పన్ను విరిగిపోయిందన్నమాట.

"నిన్న నీ భూతద్దంలో గొట్టం మీద ఈ ఖాళీయే కనబడింది. చిన్నప్పుడు ఈ తలుపు వైపు తిరిగి నిలబడమనేవారు, అల్లరి చేస్తే. ఈ ఖాళీని వేలితో దిద్దుకుంటూ పెరిగాను" అన్నాడు.

నేను ఊరికే నమ్మే రకం కాదు. పల్చటి కాగితం తెచ్చి తలుపు మీది గీతలు దించి, గొట్టం మీద పెట్టాను. గీతకీ గీతకీ మధ్య దూరం అదే. విరిగిన పన్ను అదే చోట. గీత వంచి ఆపే దగ్గర ఎడమచేతివాటం వాడు లాగినట్టు చిన్న కొక్కెం, అది కూడా రెండిటి మీదా ఉంది. ఇంట్లో తలుపు గీసిన చెయ్యీ, కంపెనీలో గొట్టం గీసిన చెయ్యీ ఒక్కటే.

"అయితే మా ముత్తాత కనిపెట్టినవాడు కాదు. రంగులేసేవాడు" అన్నాడు వాల్టర్. నవ్వబోయాడు కానీ రాలేదు. "జీవితమంతా అబద్ధం చెప్పాను."

అప్పుడు నాకు ఎక్కళ్ళేని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీదు. "రంగులేసేవాడంటే తక్కువా?" అన్నాను. "ఆ కింద ఉన్నది మంచి ఉక్కు. దాన్ని బోసిగా పెడితే ఒక్కడూ కొనలేదు. జనం పాత జంతికల చుట్టలే కావాలని, చీలిపోయే గొట్టాలే కొనుక్కుని పోతుంటే, మీ ఎమిల్ గట్టిదానికి ఆ బట్టలు తొడిగాడు. నేను పాతికేళ్ళు చేసింది కూడా అదే. కాకపోతే నేను పల్చటి రేకుకి గట్టి గొంతు పెట్టాను. ఆయన పనే నయం!"

అంత గట్టిగా అరిచేసరికి డయాన్ వచ్చింది. సంగతి విని చప్పట్లు కొట్టింది. వెంటనే వెళ్ళి కార్డు రాసుకొచ్చింది. అందులో 'నకిలీ డమాస్కస్' అని ఉంది. ఆ మాట ఉంటే నేను రేపట్నుంచి రాను అన్నాను. అదే నిజం కదా అంది. నిజమే, కానీ ఆ ఒక్క మాట రాస్తే చదివినవాడికి చెయ్యి కనబడదు, దొంగ కనబడతాడు అన్నాను. కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పే సలహా కూడా ఇంతే: వస్తువు గురించి అబద్ధం రాయకండి, కానీ రాసేముందు ఆ పని మనమే చేసి ఉంటే ఏం రాసుకుంటామో ఒకసారి అనుకోండి.

చివరికి కార్డు మీద ఇలా వచ్చింది: "నున్నటి ఉక్కు గొట్టాలు. వాటిపై డమాస్కస్ తీరు అల్లిక, చేత్తో వేసినవాడు ఎమిల్." తుపాకీ పక్కన వంటింటి తలుపు కూడా నిలబెట్టాం. ఆ రెండు మచ్చలూ సరిచేయిస్తానంటే వాల్టర్ వద్దన్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు వాటినే అడుగుతారు. కింద ఒక లైను ఉంటుంది, నిమ్మకాయ అని. సుగుణ ఇప్పటికీ ఆ గదిలోకి రాదు.

చప్పుడు

హాలు తెరిచిన రోజు వాల్టర్ అదే సూటులో వచ్చాడు. కార్డు ముందు నిలబడి, ఎమిల్ అన్న చోట అద్దం మీద వేలు పెట్టాడు. అద్దం ముట్టుకోకూడదని అరిచే మా సెక్యూరిటీ అతను అప్పుడు అటు తిరిగి నిలబడ్డాడు.

సాయంత్రం ఆయన్ని నేనే డ్రాప్ చేస్తానన్నాను. నాది పాత సెడాన్. మా కంపెనీదే, నేను పనిచేసిన మోడలే. ఆయన ఎక్కి కూర్చుని తలుపు వేశాడు. ధబ్ మంది.

"ఆ చప్పుడు నేను చేసిందే" అన్నాను. ఎందుకన్నానో తెలీదు. తలుపు చప్పుడు వినిపించి ఇది నాది అని అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు, మా ఆవిడతో కూడా. అది ఏ కార్డు మీదా ఉండదు కదా.

వాల్టర్ నా వైపు చూశాడు. తలుపు తీశాడు. మళ్ళీ వేశాడు. తల కొంచెం వంచి విన్నాడు. మళ్ళీ తీశాడు.

"ఇంకొక్కసారి" అన్నాడు.